లేవొద్దన్న కుర్చీ

మస్కట్ ఎయిర్‌పోర్టులో నడవలేనివాళ్లు తక్కువ, వీల్‌చెయిర్లలో కూచునేవాళ్లు ఎక్కువ. రాయచోటిలో, రాజంపేటలో గల్ఫ్ టికెట్లు తీసే ఏజెంట్లు చాలా ఏళ్ల కిందటే ఈ ఉపాయం కనిపెట్టారు. ఇళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లకు బోర్డు చదవడం రాదు. అరబ్బీ మాట్లాడతారు, చదవలేరు. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కమంటే దారి తప్పుతారు. అందుకని టికెట్‌లోనే వీల్‌చెయిర్ కావాలని కొట్టిస్తారు. విమానం దిగగానే ఒకడు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటాడు. కూచోబెట్టి, ఇమిగ్రేషన్ దాటించి, రెండో విమానం గేటు దగ్గర దించుతాడు. ఆ కుర్చీ తోసేవాళ్లలో నేనొకణ్ణి. పేరు వీరబ్రహ్మం, బద్వేలు పక్క పల్లె మాది.

ఈ సంగతి ఎయిర్‌లైన్‌కు తెలుసు. మాకు జీతాలిచ్చే కాంట్రాక్టు కంపెనీకీ తెలుసు. కుర్చీకి ఇంత అని కంపెనీకి ముడుతుంది కాబట్టి నోరు మూసుకుంటుంది. అలా మూసుకునే ఉంటే బాగుండు. వెనకనుంచి వెక్కిరిస్తుంది. దొంగ కుంటివాళ్లట, నాటకాల కంపెనీ అట. నాలుగు తెలుగు బోర్డులు రాయించడానికి చేతులు రాని మనుషులు, ఆరేళ్లు ఇంకొకరి ఇల్లు తుడిచి వచ్చిన ఆడదాని కాళ్ల మీద జోకులు వేసుకుని నవ్వుతారు. టీ తాగేచోట ఆ నవ్వు వినబడితే నాకు టీ మింగుడు పడదు.

హబ్, హబ్ అని పెద్ద పేరు. హబ్ అంటే మరేం లేదు. పొద్దున ఒక గంటలో ఇరవై విమానాలు దిగుతాయి, ఇంకో గంటకు అవే మళ్లీ లేస్తాయి. మధ్యలో వేలమందిని ఇటునుంచి అటు మార్చాలి. పైన కంట్రోల్ రూములో ఒక స్క్రీన్ ఉంటుంది. కనెక్షన్ ఉన్న ప్రతి మనిషి పేరూ దాంట్లో పచ్చగానో, పసుపుగానో, ఎర్రగానో వెలుగుతుంది. ఎర్రబడ్డ పేరు కోసం విమానం ఆపాలా వద్దా అన్నది అక్కడ తేలుస్తారు. ఎవరి టికెట్ ఏ రకం, ఎవరి జేబులో ఏ కార్డు ఉంది, ఎంతమంది ఉన్నారు, అన్నిటికీ గడులున్నాయి. ఈ మనిషి ఎందుకు పోతోంది, పోకపోతే ఏమవుతుంది అన్నదానికి గడి లేదు.

ఆ రోజు ఒమన్ దక్షిణాన ఉన్న సలాలా నుంచి వచ్చే విమానం ముప్పై ఐదు నిమిషాలు లేటుగా, తొమ్మిదీ ఇరవైకి దిగింది. తలుపు దగ్గర నా కుర్చీలోకి వచ్చి కూచుందామె. యాభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, చేతిలో చిన్న సంచి. కాగితం మీద సుబ్బలక్ష్మమ్మ అని ఉంది.

"ఏ ఊరత్తా?" అన్నాను తోస్తూ.

"రాయచోటి కాడ నాయనా. నువ్వు మనోనివే! దేవుడు పంపించినట్టు వచ్చినావు."

"దేవుడు కాదు, సూపర్‌వైజరు పంపించినాడు. సలాలాలో ఎన్నేండ్లు?"

"ఆరు. మూడంతస్తుల ఇల్లు. కింద నుంచి పైకి నీళ్ల క్యాన్లు నేనే మోసేది. ఇప్పుడు సూడు, నన్ను మోస్తాండావు నువ్వు. మా మేడం సూస్తే గుండె పగిలి సస్తాది." ఆమె కిసకిసా నవ్వింది. ఆ వెంటనే, "ఐద్రాబాద్ ఇమానం ఉంటాది గదా? పోలేదు గదా?" అంది.

"పదిన్నరకు. గేటు పదీ పదికి మూస్తారు. టైముంది."

"పోతే నేను సచ్చినట్టే. రేపు సాయంత్రం అయిదు లోపల మా ఊరి సచివాలయంలో ఏలిముద్ర ఎయ్యాల. ఇంటి జాగా వచ్చినాది, నా పేరున. మనిషి రాకపోతే పేరు కొట్టేసి ఎనకున్నోళ్లకు ఇస్తారంట. రెండుసార్లు వాయిదా పెట్టించుకున్యా. మూడోది ల్యా అన్యారు. మా మేడం మొన్నటిదాకా పాస్‌పోర్టు ఇయ్యల్యా."

"హైదరాబాద్ నుంచి ఎట్ల పోతావు?"

"కాచిగూడలో రాత్రి బండి. తెల్లారితే కడప. ఆన్నుంచి బస్సు. అన్నీ కుదిరినాయి, ఇదొక్కటి కుదరాల."

ఇమిగ్రేషన్‌లో వీల్‌చెయిర్ లైనులో తొందరగానే దాటించాను. ఆ తర్వాత సెక్యూరిటీ. తొమ్మిదీ నలభైకి హోల్డింగ్ ఏరియాకు తెచ్చాను. హోల్డింగ్ ఏరియా అంటే కుర్చీల దొడ్డి. రూలు ప్రకారం విమానం నుంచి అక్కడిదాకా తెచ్చేవాడొకడు, అక్కణ్ణుంచి గేటుకు తీసుకుపోయేవాడొకడు. మధ్యలో మనుషులు సామాన్లలా ఆగుతారు. అప్పటికే పదిమంది కుర్చీల్లో ఉన్నారు. గేట్లకు తీసుకుపోవాల్సినవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

సరే, నేనే గేటు దాకా తోస్తానని కుర్చీ తిప్పాను. నడుముకున్న వాకీటాకీ అరిచింది. సూపర్‌వైజర్ అఖీల్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, రెండేళ్ల కిందటి దాకా నాతోపాటు కుర్చీలు తోసినవాడే.

"బ్రహ్మం భాయ్, ఉస్కు వహీం ఛోడో, ఆమెను ఆడనే ఉండనీ. ఫంక్షన్ కు ఆజావ్, జల్దీ."

"ఈమెకు హైదరాబాద్ కనెక్షన్ ఉంది."

"అరే పాంచ్ మినట్ కా కామ్ హై యారో! మేనేజర్ నిలబడ్డడు ఇక్కడ. నీ కుర్చీ కొత్తగ ఉన్నదంట, నువ్వే గావాల్నంట."

అప్పుడు నేను చేసిన పని రాయకపోతే ఈ కథ రాసి లాభం లేదు. ఆమె ముందు వంగి చెప్పాను. "అత్తా, నేనొచ్చిందాకా కుర్చీలోంచి లెయ్యొద్దు. లేస్తే కుర్చీ ఇంకొకరు లాక్కపోతారు. నడిచేదాన్ని చూస్తే దొంగ వీల్‌చెయిర్ అని రాసుకుంటారు."

"లెయ్యన్లే. మా ఏజెంటు గూడా అదే చెప్పినాడు. కాలు కింద పెడితే టికెట్ కాన్సిల్ అన్యాడు."

అలాంటి రూలు ఎక్కడా లేదు. మనుషులు చెదిరిపోతే మళ్లీ వెతుక్కోవాలని మేం కుర్చీలు తోసేవాళ్లం పుట్టించిన మాట అది. ఏజెంట్లు దానికి టికెట్ కాన్సిల్ తగిలించారు. పదకొండో గేటు ఎదురుగానే ఉంది, నూట యాభై అడుగులు కూడా ఉండదు. అదిగో అదే నీ గేటు అని వేలు చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. ఎవరికీ చూపించే అలవాటు మాకు లేదు. ఇంకో కుర్చీ తెచ్చి ఆమెను దాంట్లోకి మార్చాను, నా కొత్త కుర్చీ తీసుకుని పోయాను.

ఫంక్షన్ దుకాణాల ముందున్న ఖాళీలో జరుగుతోంది. ఒమన్ ఉత్తరాన సోహార్ వైపు రైలు పట్టాలు పడుతున్నాయి కదా, రేపు రైలొస్తే విమానం టికెట్, రైలు టికెట్ ఒకటే చేస్తామని మా ఎయిర్‌లైన్ వాళ్ల ప్రచారం. అద్దాల పెట్టెలో బొమ్మ రైలు గిరగిరా తిరుగుతోంది. ఒక పక్క అట్టతో చేసిన విమానం తలుపు, ఇంకో పక్క అట్టతో చేసిన రైలు పెట్టె. మధ్యలో నీలం తివాచీ. సూట్లవాళ్లు ముప్పై మంది. మా కుర్చీలు తోసేవాళ్లు ఎనిమిది మంది, కొత్త జాకెట్లు తొడుక్కుని, చేతిలో జెండాలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. హోల్డింగ్ ఏరియాలో మనుషులు ఎందుకు లేరో అప్పుడు అర్థమైంది.

నా పని ఏమిటంటే, మార్కెటింగ్ కుర్రాణ్ణి ఒకణ్ణి కుర్చీలో కూచోబెట్టుకుని అట్ట విమానం నుంచి అట్ట రైలు దాకా తొయ్యాలి. వాడు కాళ్లు రెండూ దగ్గరికి పెట్టుకుని, మొహం నీరసంగా పెట్టి, రైలెక్కేటప్పుడు నవ్వాలి. మైకులో మేనేజరు చెప్తున్నాడు, ఎక్కడా ఆగక్కర్లేదు, ఎక్కడా ఎదురుచూడక్కర్లేదు, ప్రతి ప్రయాణికుడూ మాకు ముఖ్యమే అని. చప్పట్లు.

ఆరోగ్యంగా ఉండి కుర్చీలో కూచుంటే మా ఆడవాళ్లు దొంగలు. ఆరోగ్యంగా ఉండి కుర్చీలో కూచున్న వీడికి చప్పట్లు.

తోశాను. వీడియో సరిగ్గా రాలేదన్నారు. మళ్లీ తోశాను. కుర్రాడు తొందరపడి ముందే నవ్వాడు, మళ్లీ అన్నారు. గోడ గడియారంలో పది దాటి రెండు నిమిషాలు.

"అఖీల్, ఆమె విమానం పోతుంది," అన్నాను మెల్లగా.

"ఏక్ ఔర్ బార్ భాయ్. బస్."

"ఇంకెవరినైనా పంపు ఆ పదకొండో గేటుకు."

"ఎవల్ని పంపాలె? అందరూ ఈడనే ఉన్నరు. మొహం మంచిగ పెట్టు, ఫోటో దీస్తున్నరు."

మూడోసారి సగం దూరం తోశాక గడియారం చూశాను. పదీ తొమ్మిది. తివాచీ మధ్యలో బ్రేకు వేసి చేతులు వదిలేశాను.

కుర్రాడు వెనక్కి తిరిగాడు. "క్యా హువా? చలో నా!"

"ఆప్‌కే పైర్ హైఁ నా సాబ్?" అన్నాను. "చల్ కే జావో." కాళ్లున్నాయి కదా, నడిచి పొమ్మని.

ఎవరో కిసుక్కుమన్నారు. అఖీల్ నా పేరు పెట్టి అరుస్తుంటే పరుగెత్తాను.

మా ఎయిర్‌పోర్టులో మైకులో పేర్లు పిలవరు. ప్రశాంతంగా ఉండాలట. సమాచారమంతా బోర్డుల మీదే. చదవడం రానివాళ్లకు కూడా అదే ప్రశాంతత. హైదరాబాద్ విమానం పక్కన 'లాస్ట్ కాల్' అని బోర్డు మీద ఎన్నిసార్లు వెలిగిందో, ఆమె కళ్లకు ఎదురుగానే వెలిగి ఉంటుంది.

ఆమె అక్కడే ఉంది. వీపు నిటారుగా, సంచి ఒళ్లో, కాళ్లు రెండూ కుర్చీ రేకు మీద.

"వచ్చినావా నాయనా," అంది మొహం వెలిగిపోతూ. "సూడు, నేను ఒక్కసారి గూడా లెయ్యల్యా."

కుర్చీ తోసుకుంటూ పరుగెత్తాను. పదీ పదమూడు.

గేటు దగ్గర ఫర్జానా ఉంది. ప్రొద్దుటూరు అమ్మాయి. డ్యూటీలో ఉంటే తెలుగు పుట్టనే పుట్టలేదన్నట్టు ఉంటుంది. తెలుగు మాట్లాడితే అందరూ వచ్చి మీద పడతారని ఆమె భయం.

"గేట్ క్లోజ్డ్," అంది.

"తలుపు తెరిచే ఉంది గదా ఫర్జానా."

"షీ ఈజ్ ఆఫ్‌లోడెడ్. సిస్టమ్‌లో పేరు తీసేశాం. బ్యాగు కిందకి దించమని చెప్పేశాను. నెక్స్ట్ సీటు ఎల్లుండి." ఇదంతా ఇంగ్లీషులోనే.

"మరి తలుపెందుకు తెరిచినారు?"

ఆమె స్క్రీన్ వైపే చూస్తూ, అదే ఇంగ్లీషులో అంది. "ఇద్దరు గెస్టులు రావాలి. కంట్రోల్ నుంచి హోల్డ్ ఉంది."

"యాడున్నారు ఆ గెస్టులు?"

"రైల్ ఫంక్షన్లో."

నేను నాటకమాడుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లలో ఇద్దరన్నమాట. వాళ్లు బొమ్మ రైలు చూసి వచ్చేదాకా నూట అరవై మంది కూచున్న విమానం ఆగుతుంది. నూట యాభై అడుగుల దూరంలో లేవకుండా కూచున్న ఆడమనిషికి ఆగదు. ఈ పద్ధతిని మోసం అనడానికి కూడా లేదు, అంతా రూలు ప్రకారమే.

కుర్చీని విమానం దారికి అడ్డంగా తిప్పి రెండు బ్రేకులూ వేశాను. వీల్‌చెయిర్ మనిషిని ఎవరుబడితే వాళ్లు ఎత్తి పక్కన పెట్టడానికి లేదు. శిక్షణ తీసుకున్నవాళ్లు ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ జెండాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

అఖీల్ రొప్పుకుంటూ వచ్చాడు. "పాగల్ హోగయా క్యా బే? మేనేజర్ ముందు ఇజ్జత్ దీసినవ్ కదరా! తియ్ కుర్చీ. ఇదేమన్న ఇమ్లీబన్ బస్టాండా, అడ్డం కూసొనికి?"

"ఎక్కిస్తే తీస్తా."

"నీ నౌక్రీ పోతది."

"పోనీ."

సుబ్బలక్ష్మమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఏమైనాది నాయనా? నా ఇమానం యాడ?"

"అదే అత్తా. ఆ తలుపు లోపల."

"ఇదా నా గేటు?" ఆమె వెనక్కి తిరిగి, తను కూచున్న చోటును చూసింది. మళ్లీ గేటును చూసింది. "ఇంతసేపూ దీన్నే సూస్తా కూచోని ఉంటి కదరా! జనం పోతాంటే ఎంత అదృష్టవంతులో అనుకుంటి. చెప్పింటే నేనే నడిచి వస్తాంటి కదరా నాయనా!"

ఆమె కుర్చీలోంచి లేచింది. నాలుగు అడుగుల్లో కౌంటర్ దగ్గర ఉంది.

"దేఖో! దేఖో!" అఖీల్ చెయ్యి చాపి చూపించాడు. "నడుస్తున్నది! ఝూటా వీల్‌చెయిర్! రాస్కో ఫర్జానా, రిపోర్ట్ రాస్కో."

"నడుస్తానయ్యా," అంది సుబ్బలక్ష్మమ్మ. "నడుస్తా, పరిగెత్తుతా, నిన్ను గూడా ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కుతా. నడవలేనని నేనెప్పుడు చెప్పినా? సదవలేనని చెప్పినా. సదవలేనోళ్లకు మీ కాడ ఇదొక్కటే గదా ఉండేది."

ఫర్జానా తల ఎత్తలేదు. కీబోర్డు మీద చేతులు మాత్రం ఆగిపోయాయి.

పదీ ముప్పై నాలుగుకు గెస్టులిద్దరూ వచ్చారు. చేతిలో కాగితం సంచులు, వాటిలోంచి బొమ్మ రైలు డబ్బాలు తొంగి చూస్తున్నాయి. కుర్చీ అడ్డంగా ఉంటే సారీ సారీ అంటూ పక్కనుంచి దూరి పోయారు. ఒకాయన ఖాళీ కుర్చీనీ, కౌంటర్ పట్టుకుని నిలబడ్డ సుబ్బలక్ష్మమ్మనూ చూసి చిరునవ్వు నవ్వాడు. వికలాంగులంటే దయగల మనిషి కాబోలు.

ఇక తలుపు మూస్తారు. ఆమె కౌంటర్ అంచు వదల్లేదు. ఏడవలేదు. "అయిదు గంటల లోపల," అని మాత్రం తనలో తను అంటోంది.

అప్పుడు కిందనుంచి వాకీటాకీలో సామాన్ల మనిషి గొంతు వచ్చింది. దించమన్న బ్యాగు దొరకడం లేదు. సలాలా సామాన్లు మొదట ఎక్కించారు, అన్నిటికంటే వెనక, అడుగున ఉంది. బయటికి తియ్యాలంటే ఇంకో ఇరవై ఐదు నిమిషాలు.

మనిషి ఎక్కకుండా ఆమె బ్యాగుతో విమానం లేవకూడదు. అది ఎవరూ తప్పించలేని రూలు.

ఫర్జానా కంట్రోల్‌కు ఫోన్ చేసింది. రెండే మాటలు చెప్పింది. అవతల లెక్క వేసుకున్నారు. గెస్టులు ఎక్కేశారు, ఇంక ఆలస్యమైతే హైదరాబాద్ నుంచి తిరుగు విమానం చెడుతుంది. బ్యాగు తియ్యడం ఇరవై ఐదు నిమిషాలు, మనిషిని ఎక్కించడం రెండు నిమిషాలు. జవాబు రావడానికి పావు నిమిషం పట్టలేదు.

ఫోన్ పెట్టేసి, పేరు మళ్లీ ఎక్కించి, చీటీ చేతికిచ్చి ఫర్జానా తెలుగులో అంది. "పోమ్మా. పరిగెత్తు. ముందు నుంచి నాలుగో వరస, కుడి పక్క."

సుబ్బలక్ష్మమ్మ పరుగెత్తింది. కొంగు నడుముకు దోపుకుని, సంచి చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. నాకు దండం పెట్టలేదు, అంత తీరిక ఎక్కడిది?

ఇదీ జరిగింది. ఎవరో జాలిపడి ఎక్కించారని మీరు అనుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. మనిషి కోసం ఆగని విమానం ఆమె బ్యాగు కోసం తలొంచింది. హోల్డింగ్ ఏరియాలో మిగిలిన పదిమందిలో ముగ్గురి విమానాలు పోయాయి. వాళ్ల బ్యాగులు పైనే ఉన్నట్టున్నాయి, చక్కగా దొరికాయి.

డ్యూటీ దిగేముందు అఖీల్ ఒక కాగితం తెచ్చాడు. తలుపు మూశాక లేచే వంతు కూడా తప్పి, విమానం మొత్తం నలభై ఒక్క నిమిషాలు లేటు. ప్రతి నిమిషం ఎవరో ఒకరి పేరున రాయాలి కదా. మొత్తం నలభై ఒకటీ 'వీల్‌చెయిర్ ప్రయాణికురాలి వల్ల' అని రాసి, కింద నా పేరు పెట్టారు.

"దస్తఖత్ పెట్టెయ్ భాయ్. ఏక్ వార్నింగ్‌తోని సచ్చిపోతవా?" అన్నాడు. గొంతులో పొద్దుటి జోరు లేదు.

"గెస్టుల కోసం ఆగింది యాడ రాసినారు?"

"అది రాయరు. నీకెర్క లేదా?"

"నీకు ఎరుకే గదా. నువ్వు తోసినోనివే గదా కుర్చీలు."

"నాకు పిల్లలున్నరు బ్రహ్మం. నా మీద గూడ ఒకడున్నడు, వాని మీద ఇంకొకడు."

సంతకం పెట్టే చోట తెలుగులో రాశాను: ఈ లెక్క అబద్ధం, వీరబ్రహ్మం. మర్నాటి నుంచి నన్ను కుర్చీల నుంచి తీసి పార్కింగ్‌లో ట్రాలీలు ఏరే పనికి వేశారు. ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ రాత్రే రూములో మావాళ్లను కూచోబెట్టి చెప్పాను, ఇకనుంచి ఎవరినీ లేవొద్దని చెప్పకండి, ముందు గేటు చూపించండి, నంబరు అరచేతిలో రాయండి అని. ఆరుగురు సరేనన్నారు. మిగతావాళ్లు, కుర్చీలు తగ్గితే మన డ్యూటీలు తగ్గుతాయి కదా అన్నారు. వాళ్లను తిట్టాను. తిట్టినా, ఆ భయం అబద్ధం కాదని నాకూ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం ట్రాలీల మధ్య ఉండగా ఫోన్ మోగింది. సుబ్బలక్ష్మమ్మ. నా నంబరు ఆమెకు ఫర్జానా ఇచ్చిందట, చీటీ వెనక రాసి.

"వేలిముద్ర పడిందా అత్తా?"

"పడినాదిలే అల్లుడా. గిన్నెలు తోమి తోమి ఏళ్లల్లో గీతలు యాడుండాయి? నిమ్మకాయ రుద్ది, తుడిచి, ఏడోసారికి పడినాది. మూడున్నరకు."

"జాగా చూసినావా?"

"ఆడ్నే ఉండా. వంకలో ఇచ్చినారు నాయాండ్లు. నడుం లోతు కంపచెట్లు. వానొస్తే నీళ్లు ఈడ్నుంచే పోతాయంట. నాకొక్కదానికే కాదు, ముప్పై రెండు మంది ఆడోళ్లకు ఇట్లాంటిదే."

నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

"తిట్లు నాకూ వస్తాయి గానీ," అందామె, "రేపు అందరం ఎమ్మార్వో ఆఫీసుకు పోతాండాం. అర్జీ రాయాల. ఈడొక పాప పెన్ను పట్టుకోని కూచోని ఉండాది. నువ్వు చెప్పు, అది రాస్తాది."

ట్రాలీలు పక్కకు తోసి, ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. "రాయమను. గౌరవనీయులైన ఎమ్మార్వో గారికి..."

"ఆ మొదటి మాట తీసెయ్ అల్లుడా," అంది సుబ్బలక్ష్మమ్మ. "వంక కాడి నుంచి మొదలుపెట్టు."